సుత్తి మోగని పొద్దు

ఆ పొద్దున నేను గెలిచాననే అనుకున్నాను.

అది ఎనభైల్లోని సంగతి. నరసరావుపేటలో మేం అద్దెకున్న ఇంటికి ఎడమ పక్కన లారీల టింకరింగు షెడ్డు ఉండేది. పిడుగురాళ్ల నుంచి రాయీ సున్నమూ మోసే లారీలు ఎక్కడెక్కడో గుద్దుకుని, మూతులు సొట్టలు పడి, మడ్‌గార్డులు నలిగి అక్కడికి వచ్చి చేరేవి. షెడ్డు నడిపే సాయిబు నోట్లోంచి మాట ఊడిపడేది కాదు. ఆ లోటంతా ఆయన చేతిలో సుత్తి తీర్చేది. పాలు రాకముందే మొదలు. టంగ్, టంగ్, టంగ్. శుక్రవారాలు మాత్రం షెడ్డు మూసేవాళ్లు. వారానికి ఆ ఒక్క పొద్దు నాది.

నేను ఆడపిల్లల కాలేజీలో సివిక్స్ చెప్పేదాన్ని. పౌరుల హక్కుల గురించి పిల్లల ముందు గొంతు చించుకుని, నా ఇంట్లో నాకు తెల్లవారుజామున నిద్రపోయే హక్కు లేకుండా బతకడం నాకు సుతరామూ నచ్చలేదు. అందుకని రోజూ గోడ దగ్గర పోట్లాట పెట్టుకునేదాన్ని. ఆయన మాట్లాడడు కాబట్టి ఆయన తరఫు వకాల్తా ఆయన భార్యది. నాకంటే చిన్నది, నోటి దురుసులో మాత్రం నాకు సమానం. తిట్టేటప్పుడు కూడా "అక్కా" అనే తిట్టేది.

"అక్కా, మీ ఆయన కోర్టులో అరిస్తే డబ్బులిస్తారు, మా ఆయన రేకు కొడితే ఇస్తారు. ఎవరి చప్పుడు వాళ్లకి అన్నం."

"మా ఆయన తెల్లారకముందే మీ చెవి దగ్గర నిలబడి అరుస్తున్నాడా?"

"అరవమను అక్కా, ఎట్లా ఉంటదో ఒకసారి విందాం. ఆయన గొంతు విన్నోళ్లు ఈ వీధిలో ఎవురూ లేరు."

ఈ చివరి మాట మాత్రం నిజమే. మా ఆయన వకీలు. కోర్టులో ఏం మాట్లాడేవారో గాని, ఇంట్లో ఆయనకు వచ్చిన మాట ఒక్కటే, వాయిదా. ఇంటికి సున్నం వేయించాలంటే వాయిదా. కారే కుళాయి బాగు చేయించాలంటే వాయిదా. పేటలో కోర్టుల చుట్టూ తిరిగేవాళ్లందరికీ ఉన్న జబ్బే అది. ఏదైనా ఇవాళే తేలిపోతే వాళ్లకు కాళ్లూ చేతులూ ఆడవు.

ఆ పొద్దున మెలకువ వచ్చేసరికి కుడి పక్కకు తిరిగి పడుకుని ఉన్నాను. కిటికీలోంచి ఎండ పడుతోంది. సుత్తి లేదు. ఇవాళ శుక్రవారం కాదే అనుకున్నాను. ఇంకాసేపు అట్లాగే పడుకుని చూశాను. లేదు. ముందురోజు గోడ దగ్గర నేనన్న మాటలు గుర్తు చేసుకుని, వాటిలో ఏది తగిలి ఉంటుందా అని ఒక్కొక్కటే తిరగేసుకుంటూ మురిసిపోయాను. ఎన్నేళ్ల పోరాటం! పక్కనున్న మా ఆయన్ను మోచేత్తో పొడిచి, "విన్నారా? నోరు మూయించాను" అన్నాను.

ఆయన ఏదో అన్నారు. పెదవులు కదిలాయి గాని నాకేమీ అందలేదు. ఎప్పటిలాగే నసుగుతున్నారనుకుని లేచి కూర్చున్నాను.

దిండు మీంచి తలెత్తానో లేదో, టంగ్, టంగ్, టంగ్.

ఒళ్లు మండింది. అంతకన్నా విచిత్రం, ఆ చప్పుడు కుడి పక్క నుంచి వస్తోంది. కుడి పక్కన ఉండేది రిటైరైన హెడ్మాస్టారు. చర్చికి తప్ప గడప దాటని మనిషి, ఆయన ఇంట్లో గిన్నె కింద పడిన చప్పుడు కూడా మేం ఎరగం. ఆయన కూడా మొదలెట్టాడా? చీర కొంగు దోపుకుని విసురుగా వాళ్ల వరండాలోకి వెళ్లాను.

"ఏం మాస్టారూ, మీరు కూడానా? ఈ వయసులో మీకు సుత్తి పని ఏమిటండీ?"

మాస్టారు పడక కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి నా వంక చూశారు. తన చేతిలో పేపరు వంకా చూసుకున్నారు.

"పేజీ తిప్పాను తల్లీ. అంత గట్టిగా వినపడిందా?"

ఆయన అట్లా అంటూ ఉండగానే మళ్లీ టంగ్ మంది. ఈసారి మాస్టారి ఇంటికి ఇంకా కుడి పక్క నుంచి, ఎవరూ లేని ఖాళీ స్థలంలోంచి. ఆయన మాత్రం చూపుడు వేలు ఎత్తి మా ఇంటి అవతలికి, షెడ్డు వైపుకు చూపించారు. నేను ఏమీ మాట్లాడకుండా వెనక్కి వచ్చేశాను. నేను ఏమీ మాట్లాడకుండా రావడం ఆయన ఎప్పుడూ చూడలేదు కాబట్టి గేటు దాకా వచ్చి నిలబడి చూశారట.

ఇంటికొచ్చి అప్పుడు గమనించుకున్నాను. ఎడమ చెవిలో దూది కూరినట్టుంది. లోపల ఎక్కడో సోడా మూత తీసినట్టు సన్నగా బుస్సుమంటోంది, ఆగడం లేదు. ఆ చెవి దగ్గర వేళ్లు రాపాడించి చూశాను. ఏమీ లేదు. కుడి చెవి దగ్గర రాపాడిస్తే చక్కగా చరచర వినపడింది. నొప్పి లేదు, జ్వరం లేదు, చీము లేదు. రాత్రి పడుకునేటప్పుడు బాగానే ఉన్న చెవి తెల్లారేసరికి మూతబడింది.

"నిన్న తలంటుకున్నావుగా, నీళ్లు పోయుంటాయి" అంది మా అత్తగారు.

"గులిమి అయ్యుంటుంది. వచ్చే ఆదివారం దాకా చూద్దాం" అన్నారు మా ఆయన. వాయిదా పడిపోయింది.

నేనూ కాదనలేదు. నొప్పి లేని జబ్బును జబ్బుగా లెక్కేసే అలవాటు మా ఇంటా వంటా లేదు. కాలేజీకి వెళ్లాను. ఎడమ వైపు బెంచీల్లో పిల్ల లేచి జవాబు చెబుతుంటే, నేను కుడి వైపు బెంచీలను కళ్లెర్రజేసి చూస్తూ "ఎవరే ఆ మాట్లాడేది" అని అరిచాను. క్లాసంతా నవ్వింది. స్టాఫు గదిలో అందరూ ఒక్కసారి మాట్లాడుతుంటే సంతలో కూర్చున్నట్టే ఉంది, ఒక్క మాట విడిగా పట్టుకోలేకపోయాను. మాట పట్టుకోలేకపోతే ఎదురు మాట ఎట్లా అంటాను? ఎవరితోనూ వాదించకుండా ఇంటికొచ్చిన రోజు అదొక్కటే.

సాయంత్రం పెరట్లో పంపు దగ్గర గిన్నెలు కడుగుతున్నాను. గోడ నా ఎడమ పక్కన ఉంది. తర్వాత తెలిసింది, గోడ అవతలి నుంచి సాయిబు భార్య మాట్లాడుతోందట.

"ఏమక్కా, పొద్దున్నే మాస్టారి మీద పడ్డావంట! ఆ ముసలాయన్ని కూడా వదల్లేదా?"

నేను గిన్నె తోముకుంటున్నాను.

"నా వంతు ఎప్పుడు? చూసీ చూసీ కళ్లు కాయలు కాసినయ్."

నేను గిన్నె బోర్లించాను.

"పోనీలే, సదువుకున్నామె గదా, పేద రేకు కొట్టేవాళ్లతో మాట్లాడితే పరువు తక్కువ."

ఈ మాటకు మామూలుగా అయితే నేను గోడ ఎక్కేదాన్ని. ఆ రోజు నేను లోటాలో నీళ్లు పట్టుకుని నింపాదిగా లోపలికి వెళ్లిపోయాను. ముందు ఆమెకు గెలిచానని సంతోషం వేసిందట. కాసేపటికి బియ్యం ఏరుకుంటుంటే ఆ సంతోషం పోయి గుబులు పట్టుకుందట. "మాటకి మాట బాకీ పెట్టే మనిషి కాదే" అని చేట పక్కన పెట్టి లేచింది.

మా వంటింట్లో అత్తగారు నువ్వుల నూనెలో వెల్లుల్లి రెబ్బలు వేసి కాచి, వేలు పెట్టి వేడి చూస్తోంది. నేను చాప మీద ఎడమ చెవి పైకి పెట్టి పడుకోబోతున్నాను. అప్పుడు వీధి గుమ్మంలోంచి ఆమె వచ్చింది. అన్నేళ్లుగా గోడ మీంచి తల తప్ప చూడని మనిషి, నిలువెత్తున మా వంటింట్లో నిలబడితే ముందు పోల్చుకోలేకపోయాను.

"ఏమక్కా, ఒంట్లో బాగలేదా? అన్నన్ని మాటలన్నాను, ఒక్కటన్నా తిరిగి అనలేదే!"

"ఎప్పుడన్నావే?"

"ఓయమ్మో! వినపడలేదా? పక్కనే నిలబడి అరిసినా గదా!"

"ఎడమ చెవి మూసుకుంది. గులిమి. నూనె పోస్తే అదే కరుగుతుంది."

"ఎప్పటి నుంచి?"

"పొద్దుట్నుంచి. నిద్ర లేచేసరికి."

ఆమె ముఖంలో నవ్వు పోయింది. వంగి అత్తగారి చేతిలోంచి నూనె గిన్నె లాక్కుని గట్టు మీద పెట్టింది.

"పెద్దమ్మా, పోయొద్దు. మా పెద్ద బావకి ఇట్లానే అయింది. పిడుగురాళ్లలో సున్నం బట్టీలో పని. ఒక పొద్దున లేస్తే చెవి లేదు. బట్టీ దుమ్ము అన్నారు, నూనె పోశారు, సంతలో చెవులు చూసేవాడితో పుల్ల పెట్టించారు. పండగ పోనీ అన్నారు, పెళ్లి పోనీ అన్నారు. అన్నీ అయినాక గుంటూరు పోతే, డాక్టరు ఇన్నాళ్లూ ఏం చేస్తన్నారయ్యా అన్నాడంట. ఇప్పుడు మా బావ యాడికి పోయినా గోడ పక్కన చోటు ఎతుక్కోని కూర్చుంటాడు, ఆ చెవి గోడకి పెట్టి."

"మీ బావది బట్టీ దుమ్ము, నాది తలంటు నీళ్లు. రెండూ ఒకటెట్లా అవుతాయి?" అన్నాను. వాదించే అవకాశం వస్తే నాకు చెవి సంగతి కూడా గుర్తుండదు.

"మా వాళ్లూ ఇదే మాట అన్నారు, ఏదో ఒకటి కారణం చెప్పుకుని కూర్చున్నారు. గులిమి అయితే డాక్టరే తీస్తాడు, నీ సొమ్మేం పోయింది?"

"గులిమే!"

"కాదు!"

"పందెం!" అన్నాను. "గులిమి అయితే ఎనిమిది దాటేదాకా మీ ఆయన సుత్తి ముట్టుకోకూడదు."

"గులిమి కాకపోతే?"

"ఈ జన్మలో సుత్తి గురించి నోరెత్తను."

"ఒసే, నువ్వు గెలిచేదుంటే పందెం కట్టు. ఓడితే నీ వల్ల అయ్యే పనేనా అది?" అంది మా అత్తగారు.

సాయిబు మర్నాడు ఒక కాంట్రాక్టరు జీపు బాగు చేసి గుంటూరు తీసుకుపోయి ఇవ్వాల్సి ఉందట. అందులో పోదామంది సాయిబు భార్య. మా ఆయన ముందుగదిలోంచి తలపెట్టి, "రేపు నాకు పొలం గట్టు తగాదా కేసు ఉంది, ఆదివారం అయితే..." అన్నారు.

"నా చెవి కంటే ఆ గట్టు ఎక్కువా?"

"అది నడవబట్టి చాలా ఏళ్లయింది. నీ చెవి ఇవాళ్టిదేగా."

సీనియారిటీ ప్రకారం గట్టుదే ముందు వరస. చెవి సంగతి నేనే చూసుకోవాలని అప్పుడు అర్థమైంది.

మర్నాడు పొద్దున, సొట్టలు తీసినా ఇంకా రంగు పడని జీపులో బయల్దేరాం. సాయిబు స్టీరింగు దగ్గర, మేమిద్దరం వెనక. ఆమె అలవాటు కొద్దీ నా ఎడమ పక్కన కూర్చుని ఊరు దాటేదాకా చేతులు తిప్పుతూ ఏదో చెబుతూనే ఉంది. నేను తల ఊపుతూనే ఉన్నాను. ఉన్నట్టుండి ఆగి నా ముఖంలోకి చూసింది. "నా మొగుడిని అమ్మేసి ఇంకోణ్ణి కొనుక్కోమంటావా అనడిగితే సరే అంటన్నావేందక్కా!" అని అరిచి, నా ఒళ్లోంచి దాటుకుని కుడి పక్కకు వచ్చి కూర్చుంది. ముందు సీట్లో సాయిబు భుజాలు కదిలాయి. ఆయన నవ్వడం చూడటం నాకు అదే మొదలు.

గుంటూరులో చెవి డాక్టరు మెల్లగా మాట్లాడే మనిషి. అసలే ఒక చెవి, దానికి ఆ గొంతు. లైటు వేసి రెండు చెవుల్లోకీ చూశారు.

"గులిమి లేదు. కర్ణభేరి కూడా బాగుంది. చానా శుభ్రంగా ఉంచుకున్నారే!"

శుభ్రంగా ఉందని ఎవరైనా అంటే సంతోషించాలి. పక్కన ఆమె నా మోచేయి గిల్లింది.

"సరిగ్గా చూడండి. ఉండి తీరాలి" అన్నాను.

డాక్టరు నవ్వి, రెండు కొమ్ముల ఇనప కడ్డీ ఒకటి తీసి తన మోకాలికి కొట్టి, గుంయ్‌మంటున్న దాని కాడను నా నుదుటి మధ్య ఆనించారు. "ఏ చెవిలో వినపడుతోంది?"

"కుడి చెవిలో."

ఆయన నవ్వు ఆగింది. "గులిమో నీళ్లో అడ్డం పడితే ఇది మూసుకున్న చెవిలోనే గట్టిగా మోగాలమ్మా. మంచి చెవికి పోయిందంటే, దెబ్బ లోపలి నరానిది."

ఆ తర్వాత ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, చప్పుడు వినపడినప్పుడల్లా వేలెత్తమన్నారు. కుడి చెవికి టకటకా ఎత్తాను. ఎడమ చెవికి వచ్చేసరికి నా వేలు ఒళ్లోనే ఉండిపోయింది. అద్దం అవతల డాక్టరు మీటలు తిప్పుతూనే ఉన్నారు, నాకు నా సోడా బుస్సు తప్ప ఇంకేమీ లేదు. పందెం పోయిందన్న బాధ అక్కడితో ఆగిపోయింది. పాఠం చెప్పి బతికేదాన్ని. ఎవరు ఏ పక్క నుంచి పిలిచారో తెలియకపోతే క్లాసులో ఎట్లా నిలబడతాను? మాటకు మాట ఇచ్చుకోవడం తప్ప నాకు ఇంకేం వచ్చు?

"ఎందుకొచ్చింది?" అనడిగాను.

"చాలామందిలో కారణం దొరకదు."

"కారణం తెలియకుండా మందెట్లా ఇస్తారు?"

"ఇల్లు అంటుకుంటే ముందు నీళ్లు పోస్తాం. అగ్గిపుల్ల ఎవరు గీశారో తర్వాత చూసుకుంటాం." ఆయన కాగితం తీసి రాస్తూ అడిగారు. "తల తిరిగిందా? మూతి వంకర పోవడం, చెయ్యీ కాలూ లాగడం లాంటివి ఏమైనా? అవి ఉంటే నేరుగా పెద్దాసుపత్రికి పోవాలి. మాట తడబడిందా?"

"ఈమెకా?" అంది పక్కనున్న ఆమె. "లేదు సార్."

మాత్రలు రాశారు. షుగరూ బీపీ చూసే ఇచ్చారు. అన్నం తిన్నాకే వేసుకోమన్నారు, చెప్పకుండా మానొద్దన్నారు. తిరిగి వస్తుందా అని నేను అడగలేకపోతే ఆమే అడిగింది. ఆయన దాచలేదు. కొందరికి పూర్తిగా వస్తుంది, కొందరికి కొంత, కొందరికి ఏం చేసినా రాదు, మాట ఇవ్వలేను అన్నారు. "కానీ నిన్న పొద్దున పోతే ఇవాళ వచ్చారు. ఇట్లా వచ్చేవాళ్లు నాకు తక్కువ. నొప్పి లేదు కదా అని ఇంట్లో కూర్చుంటారు. నూనెలు పోసి, పిన్నీసులు పెట్టి, రోజులన్నీ పోయాక వస్తారు. ఒక్కసారిగా చెవి మూతబడితే ఆ రోజే చూపించుకోవాలి. గులిమి అయితే నవ్వుకుంటూ ఇంటికి పోవచ్చు. మీకు ఎవరు చెప్పారు రమ్మని?"

"పందెం కట్టాం" అన్నాను.

"ఈ మాత్రలకు ఆకలి ఎక్కువవుతుంది. కాస్త చిరాకు కూడా రావచ్చు" అని ఆయన చెప్పిన సంగతి ఇంటికొచ్చాక మా ఆయనకు చెబితే, "ఎట్లా తెలుస్తుంది?" అన్నారు. అయినా ఆ రోజు నుంచి మళ్లీ చూపించుకోవాల్సిన రోజు దేనికీ ఆయన వాయిదా అడగలేదు, గట్టు తగాదాకే అడిగారు.

ఇక అప్పటి నుంచి నా పొద్దులు మారిపోయాయి. మెలకువ రాగానే కుడి చెవి దిండులోకి గట్టిగా నొక్కి, ఎడమ చెవి పైకి పెట్టి, కళ్లు మూసుకుని సుత్తి కోసం కాచుకునేదాన్ని. ఏ చప్పుడును ఆపాలని ఏళ్లకేళ్లు అరిచానో దాని కోసమే. మొదట్లో ఏమీ లేదు. ఒక రోజు, ఎక్కడో చాలా దూరాన తడిగుడ్డ చుట్టిన దేన్నో కొడుతున్నట్టు, టప్ మంది. కలేమో అనుకున్నాను. మర్నాడు ఇంకాస్త దగ్గరికి వచ్చింది. నేను లేచి మా అత్తగారిని పట్టుకుని ఊపేస్తే, "నూనె పోసుంటే ఎప్పుడో తగ్గేది" అంది.

ఆ మర్నాడు మళ్లీ దిండులో చెవి పెట్టాను.

ఏమీ లేదు.

ఎంతసేపు పడుకున్నా లేదు. వచ్చింది కాస్తా పోయిందనుకున్నాను. లేచి కూర్చుని కుడి చెవితో విన్నాను, అదీ లేదు, అంటే రెండోది కూడానా! జుట్టు ముడి కూడా వేసుకోకుండా పెరట్లోకి పరిగెత్తి గోడ పట్టుకుని అరిచాను.

"ఏమే! మీ ఆయన సుత్తి ఏదే? ఏం చేశారే దాన్ని?"

ఆమె పళ్లు తోముకుంటూ వచ్చింది. నా అవతారం చూసి నోట్లో పుల్ల తీసేసింది.

"ఇయ్యాళ శుక్రవారం అక్కా."

మాత్రలూ, కాలేజీకి పెట్టిన సెలవులూ కలిసి నాకు వారాలు మరిపించాయి. గోడ మీద తల ఆనించి నవ్వాను, ఏడ్చాను కూడానేమో. గోడకు ఇటు నా మొహం, అటు ఆమె మొహం.

"పో, పోయి పడుకో పో" అంది కాసేపటికి.

"ఎందుకే?"

"పడుకోమంటే పడుకో. ప్రతిదానికీ ప్రశ్నే!"

వెళ్లి పడుకున్నాను. కుడి చెవి దిండులోకి నొక్కుకున్నాను. షెడ్డు తలుపు రేకు తీసిన చప్పుడు నాకు తెలియలేదు. కాసేపటికి, టంగ్. సాయిబు దెబ్బ కాదది. చేతికి అలవాటు లేనివాళ్లు కొట్టిన దెబ్బ, వంకర టింకరగా, ఒకటి గట్టిగా ఒకటి మెల్లగా. కానీ తడిగుడ్డ లేదు. రేకు మీద ఇనుము పడిన చప్పుడు, పైగా ఎడమ పక్క నుంచి, రావలసిన పక్క నుంచే వస్తోంది. నేను కళ్లు మూసుకుని ఒక్కొక్కటే విన్నాను. ఆపితే ఎక్కడ పోతుందోనని ఊపిరి బిగబట్టి విన్నాను.

తర్వాతి పరీక్షలో చాలా మటుకు తిరిగి వచ్చిందని తేలింది. సన్నటి చప్పుళ్లు కొన్ని ఆ పక్కన నాకు ఇప్పటికీ అందవు. మా ఆయన వాచీ టిక్కుటిక్కు అటు వినపడదు. ఆయన మాటే వినపడని ఇంట్లో అదేమంత నష్టం కాదు.

ఆ శుక్రవారం మాత్రం దెబ్బలు ఎంతకీ ఆగకపోయేసరికి మళ్లీ లేచి గోడ దగ్గరికి పోయాను. షెడ్డులో ఆమె కొంగు నడుముకు బిగించి, రెండు చేతులతో సుత్తి పట్టుకుని, ఎవరి లారీదో పాత మడ్‌గార్డును వాయిస్తోంది. తలుపు దగ్గర సాయిబు నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"వినపడింది! చాలు, ఆపవే! చెవులు చిల్లులు పడుతున్నాయి!"

ఆమె సుత్తి గాలిలోనే ఆపి నా వైపు తిరిగింది.

"పందెం ఓడినావక్కా. ఆపమనే హక్కు నీకు లేదు" అంది, అని ఇంకోటి వేసింది.